ఇంటి నెట్‌వర్క్‌లో ఫైళ్లు, ప్రింటర్, సినిమాలు: ఫైర్‌వాల్ ఆపకుండా షేర్ చేసుకునే పద్ధతి

మీరు రాసిన దాన్నిబట్టి పరిస్థితి ఇదీ. విండోస్ 10 ఉన్న పాత డెస్క్‌టాప్ ఒకటి, దానికి యూఎస్‌బీ కేబుల్‌తో ప్రింటర్. విండోస్ 11 ల్యాప్‌టాప్‌లు రెండు. ఒక స్మార్ట్ టీవీ. ల్యాప్‌టాప్‌లో ‘నెట్‌వర్క్’ తెరిస్తే డెస్క్‌టాప్ ఒకరోజు కనిపిస్తుంది, మర్నాడు కనిపించదు. కనిపించినప్పుడు పాస్‌వర్డ్ అడుగుతుంది, ఏది కొట్టినా తప్పంటుంది. ప్రింటర్ కలపబోతే చివర్లో 11బి అని ఉన్న ఎర్రర్ వస్తుంది. టీవీలో కొన్ని సినిమాలకి బొమ్మ వస్తుంది గానీ సౌండ్ రాదు. వీటన్నిటికీ మందుగా ఎవరో మీకు ఫైర్‌వాల్ ఆపేయమని, ఎస్‌ఎంబీ1 (విండోస్ ఫైల్ షేరింగ్‌కి వాడే ఎస్‌ఎంబీ ప్రొటోకాల్ పాత వెర్షన్) ఆన్ చెయ్యమని, పాస్‌వర్డ్ ప్రొటెక్షన్ తీసేయమని, ఫోల్డర్‌కి ‘ఎవ్రీవన్ – ఫుల్ కంట్రోల్’ ఇవ్వమని చెప్పారు.

ఆ నాలుగూ చెయ్యకండి. ఇప్పటికే చేసేసి ఉంటే ముందు యథాస్థితికి తెచ్చి, తర్వాత కింద చెప్పేది మొదలుపెట్టండి. మీ సమస్యల్లో ఒక్కదానికి కూడా భద్రత తగ్గించాల్సిన అవసరం లేదు. కంప్యూటర్ కనిపించకపోవడం, పాస్‌వర్డ్ ఒప్పుకోకపోవడం, ఫోల్డర్ తెరుచుకోకపోవడం ఒకే జబ్బు కాదు. మూడూ మూడు వేర్వేరు చోట్ల ఆగిపోతున్నాయి. ఏది ఎక్కడ ఆగిందో తెలుసుకుంటే అక్కడ మాత్రమే చెయ్యి పెడితే సరిపోతుంది. అన్నీ ఒకేసారి మార్చేస్తే పని జరిగినా ఎందుకు జరిగిందో తెలియదు, తర్వాతి అప్‌డేట్‌కి మళ్లీ ఆగిపోతుంది.

మొట్టమొదట అన్నీ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయా అన్నది చూడండి. ‘అన్నీ మా వైఫైకే కలిసి ఉన్నాయి’ అంటే సరిపోదు. ప్రతి కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొట్టి, ఐపీవీ4 అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో ఆ కంప్యూటర్‌కి ఉండే నంబర్, రాసుకోండి. ఒకదానికి 192.168.1.10, ఇంకోదానికి 192.168.0.15 లాంటివి వస్తే మీ ఇంట్లో రెండు రౌటర్లు పనిచేస్తున్నాయని అర్థం. ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన పెట్టె ఒకటి, సిగ్నల్ కోసం మీరు కొనుక్కున్నది ఒకటి. రెండోది తన వెనకాల సొంతంగా ఇంకో నెట్‌వర్క్ పెట్టుకుంటుంది కాబట్టి ఇటువాళ్లు అటువాళ్లకి కనిపించరు. ఇంటర్నెట్ మాత్రం రెండిట్లోనూ వస్తుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. రెండో రౌటర్ సెట్టింగుల్లో దాన్ని ‘యాక్సెస్ పాయింట్’ మోడ్‌లోకి, అంటే సొంత నెట్‌వర్క్ పెట్టుకోకుండా వైఫై మాత్రమే అందించేలా, మార్చండి. అలాగే ఏదైనా పరికరం ‘గెస్ట్’ వైఫైలో ఉంటే అది మిగతావాటిని చూడలేదు. గెస్ట్ నెట్‌వర్క్ పెట్టిందే అందుకు. కొన్ని రౌటర్లలో మామూలు వైఫైకి కూడా పరికరాలు ఒకదాన్నొకటి చూడకుండా ఆపే ‘ఏపీ ఐసొలేషన్’ అనే ఆప్షన్ ఉంటుంది, అది ఆఫ్‌లో ఉండాలి.

రెండోది, విండోస్ మీ వైఫైని ఏమనుకుంటోంది అన్నది. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అందులో మీరు కలిసి ఉన్న వైఫై ప్రాపర్టీస్ తెరిస్తే ‘పబ్లిక్’, ‘ప్రైవేట్’ అని రెండు ఉంటాయి. పబ్లిక్ అంటే రైల్వే స్టేషన్ వైఫై అన్నమాట, అక్కడ విండోస్ తనను తాను దాచుకుంటుంది. ఇంట్లో ప్రైవేట్ ఉండాలి. మూడు కంప్యూటర్లలోనూ చూడండి. తర్వాత ‘అడ్వాన్స్‌డ్ షేరింగ్ సెట్టింగ్స్’లో ప్రైవేట్ కింద నెట్‌వర్క్ డిస్కవరీ, ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ ఆన్ చెయ్యండి. ఇవి ఆన్ చెయ్యగానే ఫైర్‌వాల్ తనంతట తాను అవసరమైన మేరకు దారి ఇస్తుంది. ఫైర్‌వాల్ ఆపమనేవాళ్లకి తెలియని సంగతి ఇదే.

ఇక ఒకరోజు కనిపించి ఒకరోజు మాయమయ్యే సంగతి. ‘నెట్‌వర్క్’ కిటికీలో కనిపించే జాబితాకీ, అసలు ఫైళ్లు నడిచే దారికీ సంబంధం లేదు. జాబితా కోసం కంప్యూటర్లు ‘నేనున్నాను’ అని నెట్‌వర్క్‌లో కేక వేస్తుంటాయి. ఆ కేక వేసే సర్వీసు పేరు ‘ఫంక్షన్ డిస్కవరీ రిసోర్స్ పబ్లికేషన్’. అది చాలా మెషీన్లలో మాన్యువల్‌లో ఉండి, ఒక్కోసారి మొదలే కాదు. సర్వీసెస్ తెరిచి, దాన్నీ దాని పక్కనే ఉండే ‘ఫంక్షన్ డిస్కవరీ ప్రొవైడర్ హోస్ట్’నీ ‘ఆటోమేటిక్ – డిలేయ్‌డ్ స్టార్ట్’లో పెట్టండి. అయినా నా మాట వినండి, ఆ జాబితా మీద ఆధారపడకండి. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ అడ్రస్ పట్టీలో నేరుగా, మీ డెస్క్‌టాప్ ఐపీ అడ్రస్‌తో, \\192.168.1.10 అని కొట్టి ఎంటర్ నొక్కండి. తెరుచుకుందంటే దారి బాగానే ఉంది, జాబితాలో కనిపించకపోయినా నష్టం లేదు. అందులో కనిపించే షేర్ ఫోల్డర్ మీద కుడి క్లిక్ చేసి ‘మ్యాప్ నెట్‌వర్క్ డ్రైవ్’ ఇచ్చేస్తే ఇక వెతుక్కునే పనే ఉండదు.

అలా కొట్టినా తెరుచుకోకపోతే పింగ్ చేసి, అంటే అవతలి మెషీన్ పలుకుతోందా అని చిన్న సందేశం పంపి, చూడమంటారు చాలామంది. పింగ్‌కి జవాబు రాకపోయినా షేరింగ్ పనిచెయ్యొచ్చు, వచ్చినా పనిచెయ్యకపోవచ్చు. ఫైల్ షేరింగ్ నడిచేది టీసీపీ పోర్ట్ 445 మీద (పోర్ట్ అంటే మెషీన్‌లో ఒక్కో పనికీ ఉండే నంబర్ వేసిన ద్వారం), కాబట్టి దాన్నే పరీక్షించాలి. పవర్‌షెల్‌లో టెస్ట్-నెట్‌కనెక్షన్ కమాండ్‌కి డెస్క్‌టాప్ ఐపీ, పోర్ట్ 445 ఇచ్చి చూడండి (Test-NetConnection 192.168.1.10 -Port 445 లాగా). ‘టీసీపీ టెస్ట్ సక్సీడెడ్’ ఎదురుగా ‘ట్రూ’ అని వస్తే నెట్‌వర్క్‌లో లోపం లేదు, మిగిలింది యూజర్ పేరు, పర్మిషన్ల గొడవే. ‘ఫాల్స్’ వస్తే ఫైర్‌వాలో, బయటి యాంటీవైరసో, పైన చెప్పిన రెండు రౌటర్ల వ్యవహారమో అయ్యుంటుంది. అర్ధ నిమిషం పట్టే ఈ ఒక్క పరీక్షతో సగం వెతుకులాట తప్పుతుంది. డెస్క్‌టాప్ స్లీప్‌లోకి వెళ్లిపోయినా ఫాల్సే వస్తుంది. షేర్ చేసే మెషీన్‌లో పవర్ సెట్టింగుల్లోకి వెళ్లి స్లీప్‌ని ‘నెవర్’ చెయ్యండి. స్క్రీన్ ఆరిపోతే ఫర్వాలేదు.

దారి బాగుండీ పాస్‌వర్డ్ దగ్గర ఆగడం చాలామందికి విసుగు పుట్టించే ఘట్టం. మీరు కొడుతున్నది పిన్ అయ్యుంటుంది. రోజూ లాగిన్ అయ్యే నాలుగంకెల పిన్ ఆ మెషీన్‌కి మాత్రమే పరిమితం, నెట్‌వర్క్‌లో చెల్లదు. అవతలి కంప్యూటర్ అడిగేది తన దగ్గరున్న అకౌంట్ పేరు, దాని అసలు పాస్‌వర్డ్. మైక్రోసాఫ్ట్ అకౌంట్ అయితే ఈమెయిల్, దాని పాస్‌వర్డ్. అకౌంట్‌కి పాస్‌వర్డే లేకుండా ఖాళీగా పెట్టుకుంటే విండోస్ నెట్‌వర్క్ నుంచి రానివ్వదు, దాన్ని మార్చాలని కూడా చూడకండి.

వీటన్నిటికంటే నేను ఎప్పుడూ చెప్పేది, షేరింగ్ కోసమే విడిగా ఒక లోకల్ అకౌంట్ పెట్టుకోమని. డెస్క్‌టాప్‌లో సెట్టింగ్స్, అకౌంట్స్‌లోకి వెళ్లి, మైక్రోసాఫ్ట్ అకౌంట్ లేకుండా కొత్త యూజర్‌ని చేర్చండి. ఇంగ్లిషు అక్షరాల్లో, ఖాళీ లేకుండా చిన్న పేరు, గట్టి పాస్‌వర్డ్. అడ్మిన్ హక్కులు ఇవ్వొద్దు. ల్యాప్‌టాప్‌లో అడిగినప్పుడు యూజర్ పేరు గడిలో ముందు డెస్క్‌టాప్ పేరు, తర్వాత వెనక్కి వాలిన గీత, తర్వాత ఆ యూజర్ పేరు ఇచ్చి, గుర్తుపెట్టుకోమని టిక్ పెట్టండి. డెస్క్‌టాప్ పేరు ముందు పెట్టకపోతే ల్యాప్‌టాప్ ఒక్కోసారి తన సొంత అకౌంట్లలో వెతుకుతుంది. ఇంతకుముందు తప్పు పాస్‌వర్డ్ ఏదైనా సేవ్ అయి ఉంటే మళ్లీ మళ్లీ అదే వాడేస్తుంది కాబట్టి, కంట్రోల్ ప్యానెల్‌లో ‘క్రెడెన్షియల్ మేనేజర్’ తెరిచి, విండోస్ క్రెడెన్షియల్స్‌లో డెస్క్‌టాప్ పేరుతోనో ఐపీతోనో ఉన్నవి తీసేసి కొత్తగా ఇవ్వండి. ఒకే కంప్యూటర్‌కి రెండు యూజర్ పేర్లతో ఒకేసారి కలవడం కుదరదు. అలా ప్రయత్నిస్తే 1219 ఎర్రర్ వస్తుంది. లాగాఫ్ అయి మళ్లీ లాగిన్ అయితే పాత కనెక్షన్ పోతుంది.

ఇప్పుడు ఫోల్డర్. సీ డ్రైవ్ మొత్తాన్నీ, మీ యూజర్ ఫోల్డర్‌నీ షేర్ చెయ్యకండి. డీ డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ పెట్టి, పంచుకోవాల్సినవి అందులో వేసి, దాన్ని మాత్రమే షేర్ చెయ్యండి. ప్రాపర్టీస్‌లో ‘షేరింగ్’ అనే ట్యాబ్, ‘సెక్యూరిటీ’ అనే ట్యాబ్ రెండు విడివిడిగా ఉంటాయి, రెండిట్లోనూ పర్మిషన్లు ఉంటాయి. నెట్‌వర్క్ నుంచి వచ్చేవాళ్లకి ఆ రెండిట్లో ఏది తక్కువైతే అదే వర్తిస్తుంది. షేరింగ్‌లో ఫుల్ కంట్రోల్ ఇచ్చి సెక్యూరిటీలో ఆ యూజర్ పేరే లేకపోతే ఫలితం సున్నా. అందుకే ‘ఎవ్రీవన్’కి అన్నీ ఇచ్చినా ఫోల్డర్ తెరుచుకోకపోవచ్చు. ‘అడ్వాన్స్‌డ్ షేరింగ్’లో ఎవ్రీవన్‌ని తీసేసి కొత్త యూజర్‌కి ‘చేంజ్’ ఇవ్వండి, సెక్యూరిటీలో అదే యూజర్‌కి ‘మాడిఫై’ ఇవ్వండి. ల్యాప్‌టాప్ నుంచి చూడ్డం తప్ప రాసే పని లేని ఫోల్డర్లకి, అంటే ఫొటోలు, సినిమాలకి, ‘రీడ్’ ఒక్కటే చాలు.

ఇక్కడ తరచుగా దొర్లే చిక్కు ఒకటుంది. ఫోల్డర్ తెరుచుకుంటుంది, అందులో పది ఫైళ్లుంటే ఎనిమిది తెరుచుకుంటాయి, రెండు ‘యాక్సెస్ డినైడ్’ అంటాయి. ఆ రెండూ అదే డ్రైవ్‌లో వేరే చోటి నుంచి కట్ చేసి పేస్ట్ చేసినవి అయ్యుంటాయి. కాపీ చేసిన ఫైల్ కొత్త ఫోల్డర్ పర్మిషన్లు తీసుకుంటుంది. ఒకే డ్రైవ్‌లో మూవ్ చేసినది మాత్రం పాత పర్మిషన్లు వెంటబెట్టుకుని వస్తుంది. సెక్యూరిటీలో ‘అడ్వాన్స్‌డ్’ నొక్కి, లోపలి ఫైళ్లన్నిటికీ ఈ ఫోల్డర్ పర్మిషన్లే వర్తింపజేసే టిక్ పెట్టి అప్లై చేస్తే సరిపోతుంది. ఇది మీరు షేర్ చేసిన ఫోల్డర్ మీదే చెయ్యండి, డ్రైవ్ మొత్తం మీద ఎప్పుడూ వద్దు.

ఎస్‌ఎంబీ1 ఎందుకు వద్దన్నానో చెప్పాలి. 2017 మేలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్) ప్రపంచమంతా పాకింది ఆ పాత ప్రొటోకాల్‌లోని లోపం గుండానే. ఎవరూ ఏ ఫైలూ తెరవకుండానే ఒక మెషీన్ నుంచి ఇంకోదానికి తనంతట తాను దూకింది. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ప్యాచ్ ఇచ్చింది, వేసుకోనివాళ్లు దెబ్బతిన్నారు. అదే ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ నుంచి ఎస్‌ఎంబీ1ని మామూలుగా ఇన్‌స్టాల్ చెయ్యడమే మానేశారు. మీ దగ్గరున్నవి విండోస్ 10, 11. రెండూ కొత్త ఎస్‌ఎంబీలోనే మాట్లాడుకుంటాయి, పాతదాంతో మీకు పనే లేదు. ‘హోమ్‌గ్రూప్’ పెట్టుకోమని ఎక్కడైనా చదివితే అదీ వదిలెయ్యండి. 2018లో వచ్చిన 1803 అప్‌డేట్‌తో దాన్ని తీసేశారు.

రౌటర్ వెనకాల పెన్‌డ్రైవ్ పెట్టి షేర్ చేసుకునేవాళ్లకి ఒక మాట. విండోస్ 11 24హెచ్2 నుంచి ప్రో, ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్లలో ఎస్‌ఎంబీ సైనింగ్, అంటే ప్రతి సందేశం అసలైనదేనని ముద్ర వెయ్యడం, తప్పనిసరి అయ్యింది. పాస్‌వర్డ్ లేని గెస్ట్ కనెక్షన్ సైన్ చెయ్యలేదు, అందుకే నిన్నటిదాకా తెరుచుకున్న రౌటర్ డ్రైవ్ అప్‌డేట్ తర్వాత మొరాయిస్తుంది. రౌటర్ సెట్టింగుల్లో దానికి యూజర్ పేరు, పాస్‌వర్డ్ పెట్టే వీలుంటే పెట్టండి. ఆ వీలు లేకుండా ఎస్‌ఎంబీ1 మాత్రమే తెలిసిన రౌటర్ అయితే ఆ డ్రైవ్‌ని కంప్యూటర్‌కే పెట్టుకోవడం మేలు. అలాంటి పోర్టుల వేగం కూడా నిరాశే.

ప్రింటర్ దగ్గరికి వద్దాం. 11బి ఎర్రర్‌కి ఒక కథ ఉంది. 2021లో ప్రింట్ పనులు చూసుకునే విండోస్ ప్రింట్ స్పూలర్ సర్వీసులో ‘ప్రింట్‌నైట్‌మేర్’ అనే పెద్ద లోపం బయటపడింది, దాని చుట్టూ ఆ ఏడాది వరసగా ప్యాచ్‌లు వచ్చాయి. సెప్టెంబర్ ప్యాచ్‌తో ప్రింటర్ షేరింగ్‌లో రెండు కంప్యూటర్ల మధ్య జరిగే సంభాషణకి కట్టుదిట్టమైన రక్షణ తప్పనిసరి చేశారు. ఒక మెషీన్‌లో ఆ అప్‌డేట్ ఉండి రెండోదాంట్లో లేకపోతే ఈ ఎర్రర్ వస్తుంది. నెట్‌లో దొరికే చిట్కా రిజిస్ట్రీలో ఒక విలువని సున్నా చెయ్యమంటుంది. అది ఆ రక్షణని తీసేయడమే. ముందు రెండు మెషీన్లకీ ఉన్న అప్‌డేట్లన్నీ వెయ్యండి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది, అయినా అప్పటిదాకా వచ్చినవైనా ఆ డెస్క్‌టాప్‌లో ఉండాలి.

అప్పటికీ కుదరకపోతే రిజిస్ట్రీ జోలికి పోకుండా ఇలా చెయ్యండి. ముందు పైన చెప్పిన యూజర్‌తో డెస్క్‌టాప్‌లోకి ల్యాప్‌టాప్ వెళ్లగలుగుతోందని ఖాయం చేసుకోండి. ప్రింటర్ కంపెనీ సైటు నుంచి డ్రైవర్ దింపి ల్యాప్‌టాప్‌లో ఇన్‌స్టాల్ చెయ్యండి. తర్వాత ప్రింటర్‌ని మాన్యువల్‌గా చేర్చే చోట ‘లోకల్ ప్రింటర్’ ఎంచుకుని, కొత్త పోర్ట్‌గా ‘లోకల్ పోర్ట్’ తీసుకుని, పోర్ట్ పేరు అడిగితే రెండు వాలు గీతలు, డెస్క్‌టాప్ పేరు, ఇంకో గీత, ప్రింటర్ షేర్ పేరు ఇవ్వండి. డ్రైవర్ ల్యాప్‌టాప్‌లోనే ఉంది కాబట్టి డెస్క్‌టాప్ నుంచి తెచ్చుకునే పని ఉండదు. చాలా ఇళ్లలో దీంతో ప్రింట్ వచ్చేస్తుంది. షేర్ పేరులో ఖాళీలు లేకుండా పెట్టుకోండి.

అయితే మనస్ఫూర్తిగా చెబుతున్నాను, ఆ ప్రింటర్‌లో వైఫై గానీ నెట్‌వర్క్ కేబుల్ పెట్టే చోటు గానీ ఉంటే కంప్యూటర్ ద్వారా షేర్ చెయ్యడం పూర్తిగా మానేయండి. నేరుగా రౌటర్‌కి కలపండి. డెస్క్‌టాప్ ఆన్‌లో ఉందా లేదా అన్న చింత పోతుంది, ఫోన్ల నుంచి కూడా ప్రింట్ తీసుకోవచ్చు. స్కానర్ కూడా ఉన్న ప్రింటర్ అయితే ఇది మరీ ముఖ్యం. విండోస్ ప్రింటర్ షేరింగ్‌లో ప్రింట్ ఒక్కటే అవతలికి వెళ్తుంది, స్కానింగ్ వెళ్లదు.

అలా కలిపాక ప్రింటర్‌కి ఐపీ మారకుండా చూడాలి. రౌటర్‌లో ‘డీహెచ్‌సీపీ రిజర్వేషన్’ అనే చోట ఆ ప్రింటర్‌కి ఒక అడ్రస్ కేటాయించండి. డెస్క్‌టాప్‌కి కూడా ఒకటి కేటాయిస్తే పైన కొట్టిన ఐపీ ఎప్పటికీ మారదు. ల్యాప్‌టాప్‌లో ప్రింటర్ ప్రాపర్టీస్ తెరిచి పోర్ట్స్ చూడండి, ‘డబ్ల్యూఎస్‌డీ’ (ప్రింటర్‌ని విండోస్ తనంతట తాను కనుక్కుని పెట్టుకునే పోర్ట్) అని ఉంటే అక్కడే ‘స్టాండర్డ్ టీసీపీ/ఐపీ పోర్ట్’ చేర్చి రిజర్వ్ చేసిన అడ్రస్ ఇవ్వండి. ప్రింటర్ వెలుగుతూ ఎదురుగా ఉన్నా విండోస్ ‘ఆఫ్‌లైన్’ అని చూపించే జబ్బుకి చాలాసార్లు కారణం ఆ డబ్ల్యూఎస్‌డీ పోర్టే. పోర్ట్ మార్చినా ఆఫ్‌లైన్ అంటే ‘కాన్ఫిగర్ పోర్ట్’లో ‘ఎస్‌ఎన్‌ఎంపీ స్టేటస్’ టిక్ తీసి చూడండి.

ఇక టీవీ. విండోస్‌లో ‘మీడియా స్ట్రీమింగ్’ ఆన్ చేస్తే టీవీలో డెస్క్‌టాప్ పేరు కనిపిస్తుంది. అది డీఎల్‌ఎన్‌ఏ పద్ధతి. తేలిక, కానీ ఫైల్ ఎలా ఉందో అలాగే పంపుతుంది, టీవీకి ఆ ఫార్మాట్ అర్థమైతేనే ఆడుతుంది. ఎంకేవీ అన్నది ఒక పెట్టె మాత్రమే. లోపల వీడియో ఒక రకం, ఆడియో ఇంకో రకం ఉండొచ్చు. బొమ్మ వచ్చి సౌండ్ రాకపోవడానికి మామూలు కారణం ఆడియో డీటీఎస్ అనే ఫార్మాట్‌లో ఉండడం, చాలా టీవీలు దాన్ని ఆడించవు. ఫైల్‌ని వీఎల్‌సీలో తెరిచి ‘కోడెక్ ఇన్ఫర్మేషన్’ చూస్తే వెంటనే తేలుతుంది. ఇంకొకటి గుర్తుంచుకోండి, డీఎల్‌ఎన్‌ఏకి పాస్‌వర్డ్ లేదు. విండోస్ మామూలుగా మీ మ్యూజిక్, పిక్చర్స్, వీడియోస్ లైబ్రరీలు మూడూ చూపిస్తుంది కాబట్టి, ఏ పరికరాన్ని అనుమతించాలో ఆ సెట్టింగుల్లోనే విడివిడిగా ఎంచుకోండి.

సినిమాలు ఎక్కువ చూసే ఇల్లయితే డెస్క్‌టాప్‌లో జెల్లీఫిన్ అనే మీడియా సర్వర్ ప్రోగ్రాం పెట్టుకోండి. ఉచితం, ఓపెన్ సోర్స్. టీవీలో దాని యాప్ ఉంటే యాప్, లేకపోతే బ్రౌజర్‌లో డెస్క్‌టాప్ ఐపీ, పోర్ట్ 8096. టీవీకి ఆడియో అర్థం కాకపోతే ఆడియో ఒక్కటే అప్పటికప్పుడు మార్చి పంపుతుంది, పాత ప్రాసెసర్‌కి కూడా అది పెద్ద బరువు కాదు. వీడియోని మార్చాల్సి వస్తేనే మెషీన్ ఆయాసపడుతుంది. సబ్‌టైటిల్స్ ఆన్ చెయ్యగానే సినిమా ఆగి ఆగి వస్తుంటే అవి అక్షరాల రూపంలో కాకుండా బొమ్మల రూపంలో ఉన్నాయన్నమాట. బ్లూరే నుంచి తీసినవి సాధారణంగా అలాంటివే. టీవీ వాటిని విడిగా చూపించలేకపోతే సర్వర్ ప్రతి ఫ్రేమ్ మీదా అద్ది పంపాల్సి వస్తుంది. అక్షరాల రూపంలో ఉండే ఎస్‌ఆర్‌టీ సబ్‌టైటిల్ ఫైల్ వాడితే ఆ బరువు తగ్గిపోతుంది.

వేగం విషయంలో ఒక్కటి చూసుకోండి. నెట్‌వర్క్ కేబుల్‌తో కాపీ చేస్తుంటే సెకనుకి 11 మెగాబైట్ల దగ్గర అతుక్కుపోతే ఆ లింక్ 100 మెగాబిట్ మీద నడుస్తోంది. గిగాబిట్ అయితే 110 దాకా రావాలి. గిగాబిట్‌కి కేబుల్‌లోని నాలుగు జతల తీగలూ బాగుండాలి, 100కి రెండు జతలు చాలు. మిగతా రెండు జతల్లో ఒక్క తీగ తెగినా కనెక్షన్ పోదు, చప్పుడు లేకుండా పదో వంతుకి పడిపోతుంది. కేబుల్ మార్చి చూడండి. చాలా టీవీల్లో ఉండే నెట్‌వర్క్ పోర్ట్ కూడా 100 మెగాబిటే, కాబట్టి బరువైన 4కె ఫైళ్లకి టీవీని 5 గిగాహెర్ట్జ్ వైఫైలో పెడితే మేలుగా ఉండొచ్చు.

బయట ఊళ్లో ఉన్నప్పుడు కూడా ఫైళ్లు కావాలని రాశారు. అందుకోసం రౌటర్‌లో పోర్ట్ 445 బయటికి తెరవకండి, ఏ పరిస్థితిలోనూ. రౌటర్‌లో వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ (బయటి నుంచి ఇంటి నెట్‌వర్క్‌లోకి రహస్యంగా వచ్చే దారి) ఉంటే దాని ద్వారా ఇంట్లోకి వచ్చి, లోపల ఉన్నట్టే వాడుకోండి. షేర్ చేసిన ఫోల్డర్‌ని బ్యాకప్ అనుకోకండి కూడా. ల్యాప్‌టాప్‌లోకి రాన్సమ్‌వేర్ వస్తే, రాసే హక్కు ఉన్న ప్రతి నెట్‌వర్క్ ఫోల్డర్‌నీ అది పాడు చెయ్యగలదు. ముఖ్యమైన ఫొటోలకి, కాగితాలకి విడిగా ఒక హార్డ్‌డిస్క్ పెట్టి, కాపీ అయ్యాక దాన్ని ఊడదీసి లోపల పెట్టండి.

ముందు 445 పరీక్ష చేసి, ట్రూ వచ్చిందో ఫాల్స్ వచ్చిందో రాయండి. మూడు కంప్యూటర్ల ఐపీలు, ప్రింటర్ మోడల్, సౌండ్ రాని సినిమా ఒకదాని ఆడియో కోడెక్ పేరు కూడా ఇస్తే మిగతాది అక్కడి నుంచి చూద్దాం.